ఎర్ర పోగు

మస్కట్,
4 ఫిబ్రవరి 2024

మేనకోడలు లిడియాకి అత్త రాహేలు దీవెనలు.

దేవుడి దయవల్ల బాగున్నాను. మోకాళ్ళ సంగతి ఆయనా నేనూ చూసుకుంటాం, మీరెవరూ కల్పించుకోకండి. ఈ ఉత్తరం నగరం ఊరి ఏసుపాదం చేత పంపుతున్నాను. ఇక్కడ డ్రైవరు పని చేస్తాడని చెప్పేను కదా, అతనే, నెలనెలా ఊరొచ్చేవాళ్ళని చూసి వాళ్ళ చేతికిస్తాడు. ఖర్జూరాలు రెండు పొట్లాలున్నాయి, ఒకటి పాస్టరు గారింటికి. రెండోది మీ అమ్మ సీతారత్నం దాచకుండా అందరికీ పెట్టాలి.

ఎలాగూ సాయంత్రం ప్రార్థన అయ్యేక మీ నాన్న ఈ ఉత్తరం పైకి చదువుతాడు. పక్కింటివాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు. అందుకని ముందే చెబుతున్నాను. తమ్ముడూ మోషే, ఇది లిడియాని తిట్టడానికి రాస్తున్నాను. కళ్ళజోడు పెట్టుకుని ఒక్క తిట్టు వదలకుండా చదువు.

ఏవే, నీ దుంపతెగ! బడిలో పాఠాలు చెప్పుకునేదానివి, సాయంత్రాలు ఆ జావాస్క్రిప్టు నేర్చుకుంటానంటే శెభాష్ అన్నాను. గల్ఫులో ఉన్న మన ఆడవాళ్ళ కోసం "క్షేమం" అని ఫోన్లో ఒక పేజీ చేసేనంటే, మా పిల్లే చేసిందని ఇక్కడ నలుగురికీ చెప్పుకున్నాను. రోజూ ఆకుపచ్చ బొత్తాం నొక్కితే క్షేమంగా ఉన్నట్టు నీకు తెలుస్తుందన్నావు. కష్టం ఉంటే కింద రాస్తే నువ్వొక్కదానివే చూస్తానన్నావు. బాగానే ఉంది. మొన్న బుధవారం బొత్తాం నొక్కేనా, ఫోను నిండా ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు! నేనేం తప్పు నొక్కేనో, ఏ పోలీసుకి వెళ్ళిపోయిందో అని ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టేను. పొద్దుగూకే దాకా తియ్యలేదు. పక్క ఇంట్లో పనిచేసే ముమ్మిడివరం పిల్లకీ అలాగే వచ్చిందిట, పాపం ఏడ్చేసింది. పరాయి దేశంలో బతికేవాళ్ళకి ఎర్ర అక్షరాలు చూపించకూడదమ్మా. అసలే బితుకు బితుకుమంటూ ఉంటాం.

మనమూ లేసు కుట్టేటప్పుడు తప్పు పడ్డచోట ఎర్ర పోగు కట్టేవాళ్ళం. దాన్ని చూసి ఎవరూ జడుసుకోలేదు. ఎందుకంటే అది మన చేత్తో మనం కట్టుకున్నది.

నాకు చెవులు బొత్తిగా పోయేయి, ఫోన్లో మాట వినపడదు. ఉత్తరం రాస్తేనే నీతో మాట్లాడినట్టుంది. వాన పడిందా అక్కడ? ఇక్కడ ఆకాశం ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఒక్క మడత లేకుండా ఉంటుంది. చిరాకు.

ఉంటాను,
నీ అత్త రాహేలు


రాజోలు,
21 ఫిబ్రవరి 2024

అత్తా,

నాన్న తిట్లన్నీ వదలకుండా చదివేడు. రెండు మాటలు సొంతంగా కూడా కలిపేడని నా అనుమానం. బియ్యం డబ్బా దగ్గర అందరూ పొట్ట పట్టుకుని నవ్వేరు. నేనూ నవ్వేను గానీ, తరవాత పెరట్లోకి వెళ్ళి కూర్చుంటే ఏడుపొచ్చింది. నీకు ధైర్యంగా ఉంటుందని చేసిన పేజీ నిన్ను భయపెట్టింది.

ఏమయిందో చెబుతాను. నేను రాసే కోడులో తప్పులు రెండు రకాలు. మొదటిది రాతలోనే తప్పు. బ్రాకెట్టు తెరిచి మూయడం మర్చిపోయేననుకో, పేజీ అసలు లేవదు. మొండికేసి కూర్చుంటుంది. దాన్ని సింటాక్స్ ఎర్రర్ అంటారు. అది మంచి తప్పు అత్తా, నీ దాకా రాదు, నా దగ్గరే అరుస్తుంది. రెండోదే కంత్రీది. రాత అంతా సరిగ్గా ఉంటుంది, పని మొదలవుతుంది, మధ్యలో ఏదో తెగుతుంది. దాన్ని ఎక్సెప్షన్ అంటారు. నమూనా సరిగ్గా ఉండీ, చెయ్యి సరిగ్గా ఉండీ, ఆరో పువ్వు దగ్గర దారం పుటుక్కుమంటుంది చూడు, అలాగ. ఆ బుధవారం నీ ఫోన్లో నెట్టు తెగింది. అంతే. నువ్వేం తప్పు నొక్కలేదు.

అలా తెగినప్పుడు ఏం చెయ్యాలో మనం ముందే రాసి పెట్టుకోవచ్చు. "ట్రై" అని రాసి పని చేసి చూడమంటాం. తెగితే "క్యాచ్" దాన్ని పట్టుకుంటుంది. తెగినా తెగకపోయినా చివర చెయ్యాల్సింది "ఫైనల్లీ"లో పెడతాం. నీ ఉత్తరం వచ్చిన రోజే కూర్చుని అంతా మార్చేసేను. ఇక ఎర్ర అక్షరాలు జన్మలో రావు. ఏం జరిగినా చివర పచ్చగా, మర్యాదగా "చేరిందండీ, ధన్యవాదాలు" అంటుంది. ఆ మాట అమ్మే చెప్పింది. కోనసీమ పేజీ కదా, అండీ లేకపోతే ఎలా అంది.

పద్నాలుగు మంది వాడుతున్నారు అత్తా ఇప్పుడు. ఎర్ర అక్షరాలు పోయినప్పట్నించీ ఒక్కరూ భయపడలేదు.

ఖర్జూరాలు అమ్మ దాచింది.

ప్రేమతో,
లిడియా


మస్కట్,
10 మార్చి 2024

నా తల్లీ లిడియా,

నిజమే, ఇప్పుడు పేజీ ఎంత మర్యాదగా మాట్లాడుతోందో! నేనేం నొక్కినా చేరిందండీ అంటోంది. మీ తాతయ్య కూడా ఇంత మర్యాదగా మాట్లాడి ఎరగడు.

మట్టల ఆదివారం దగ్గరికొస్తోంది కదా, నాకు చర్చిలో పరిచే ఆ ప్రభువు బల్ల గుడ్డ గుర్తొచ్చింది. నీకప్పుడు తొమ్మిదేళ్ళు. అరుగు మీద పన్నెండు మందిమి కూర్చుని లేసు కుట్టేవాళ్ళం. పక్కన కాలవలో పడవ వెళ్తే అందరం సూదులాపి చూసేవాళ్ళం, అందులో ఎవరున్నారో తెలియకపోతే ఆ పూట పని సాగేది కాదు. మీ అమ్మ పనస పిక్కలు కాల్చి తెచ్చేది. నువ్వు నా ఒళ్ళో దూరి, నేనూ కుడతానని ఏడిస్తే, బల్ల గుడ్డ అంచులో ఒక పువ్వు నీకిచ్చేను. దారం తెగింది. తెగితే ఎర్ర పోగు కట్టి నాకు చూపించాలని చెప్పేను కదా, నువ్వు చూపించలేదు. లోపలికి దోపేసి, నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నదానిలా కూర్చున్నావు. తీరా పండగ ముందు గుడ్డ ఉతికితే అంచు అంచంతా ఊడి చేతిలోకొచ్చింది. నేను నిన్ను కొట్టలేదు. తప్పు చేసినందుకు కాదే, చెప్పనందుకు బాధ అన్నాను. రెండు రోజులు కూర్చుని మళ్ళీ కుట్టేం, గుర్తుందా? నువ్వు సూదిలో దారం ఎక్కిస్తూ వెక్కుతూనే ఉన్నావు.

ఇదంతా ఎందుకు రాసేనంటే, చెప్పడానికి ఎంత వయసొచ్చినా సిగ్గుగానే ఉంటుంది. నేను మొన్న శుక్రవారం నీ పేజీలో ఒక మాట రాసేను. ఉత్తరంలో రాస్తే మీ నాన్న పదిమందిలో చదువుతాడు, అది అలా చదివే మాట కాదు. చేరిందండీ అంది కాబట్టి చూసే ఉంటావు. తొందర లేదు. నీకు వీలున్నప్పుడు చెప్పు.

నేను చూసుకునే పెద్దామె చెయ్యూపి పిలుస్తోంది. ఆవిడకి తొంభై రెండేళ్ళు, నాకు యాభై తొమ్మిది. మా ఇద్దర్లో ఎవరు ఎవర్ని లేవదీస్తున్నామో తెలియడం లేదు.

నీ అత్త


రాజోలు,
5 ఏప్రిల్ 2024

అత్తా,

చూసేను, చూసేను! రోజూ చూస్తున్నాను. పొద్దున్న లేవగానే నీ పేరు పక్కన "క్షేమం" అని పచ్చగా కనపడితే నాకు ఆ రోజంతా సంతోషమే. అలాగే హాయిగా ఉండు. ఇంతకన్నా మాకేం కావాలి?

ఈస్టరు బాగా జరిగింది. తెల్లారగట్ల అందరం తెల్లచీరలు కట్టుకుని సమాధుల దగ్గరికి పాడుకుంటూ వెళ్ళేం. మావయ్యగారి సమాధికి సున్నం వేయించి, బంతిపూలు పెట్టేం. నీ బల్ల గుడ్డ ఇంకా వాడుతున్నారు. నేను ఊడగొట్టిన అంచు ఏ వైపో ఇప్పుడు ఎవరూ పోల్చలేరు. నేను పోలుస్తాను.

ఇంకో వార్త. నాకు సొంత కంప్యూటరు వచ్చింది! పాతదే, కానీ బ్రహ్మాండంగా ఉంది. పెట్టడానికి చోటు లేక నీ గదిలో పెట్టుకున్నాను. నీ మంచం తీసి సావిట్లో వేసేం, లేసు పెట్టె అటక ఎక్కించేం. గది ఎంత విశాలంగా అయిపోయిందో! నాన్న అంటున్నాడు, అక్కకి అక్కడ బాగా అలవాటైపోయింది, ఇక్కడి దోమలకి తట్టుకోలేదులే అని.

రెండు పూతరేకుల పెట్టెలు పంపుతున్నాను, ఆత్రేయపురం నుంచి నాన్న స్వయంగా తెచ్చేడు. విరగకుండా చేరితే ఏసుపాదం గారు గొప్పవారే.

నీ లిడియా


మస్కట్,
2 మే 2024

లిడియా గారికి,

పూతరేకులు చేరేయి. సగం పొడయ్యేయి, సగం బాగున్నాయి. పొడైనవి పాలలో కలిపి పెద్దామెకి పెట్టేను, ఇష్టంగా తింది.

నీ జవాబు కూడా చేరింది. ఆయ్, మంచిదే. చూసేనన్నావు, అక్కడే హాయిగా ఉండమన్నావు, మంచం సావిట్లో వేసేమన్నావు. ఇంతకంటే విడమరిచి ఎవరు చెబుతారు? మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ, కొన్ని మౌనాలు అలా ఉండవు. నాకర్థమైంది. ఎవరి మీదా కోపం లేదు, అన్నీ బాగానే చూసుకున్నారు నన్ను.

ఈ నెల ఇరవై అయిదున ఇక్కడి వాళ్ళు కొత్త కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు, ఇంకో రెండేళ్ళకి. పెట్టేస్తాను. మోషే, ఇది చదువుతున్నప్పుడు గొంతు మార్చకు. నా లేసు పెట్టె అటక మీద ఉంటే ఎలకలు కొట్టేస్తాయి, పాస్టరమ్మగారికి ఇచ్చేయండి, చర్చిలో పిల్లలకి నేర్పుకుంటారు. సూదులు వెదురు గొట్టంలో ఉన్నాయి. అందులో ఒకటి వంకర, అది మాత్రం పారేయకండి. దాంతోనే నేను నేర్చుకున్నాను.

మధ్యాహ్నం ఇక్కడ ఏసీ చల్లటి గదిలో కూర్చుంటే ఏమీ వినపడదు నాకు. అప్పుడు ఆ అరుగే కనపడుతూ ఉంటుంది. పన్నెండు మందిలో ఎనిమిది మంది పోయేరు. ఎవరెక్కడ కూర్చునేవారో అన్నీ గుర్తే. స్తంభం పక్క చోటు నాది.

అందరినీ ప్రార్థనలో తలుచుకుంటున్నాను.

ఇట్లు,
రాహేలు


రాజోలు,
19 మే 2024
(ఈ కాగితం ఏసుపాదం గారి కోసం ఆగదు. ఫోటో తీసి నీ ఫోనుకి పంపుతున్నాను. పెద్దది చేసి చదువు.)

అత్తా, సంతకం పెట్టకు.

నిన్న సాయంత్రం నీ ఉత్తరం నాన్న చదివేడు. "గొంతు మార్చకు" అన్నచోట ఆగిపోయేడు. ఇంక చదవలేక కాగితం నా చేతికిచ్చేడు. అమ్మ నన్నే చూస్తోంది. "ఏం అడిగిందే అది? నువ్వేం చెప్పేవు?" అంది. నువ్వేం అడగలేదన్నాను. "అడక్కుండానే జవాబు చేరిందని రాస్తుందా మీ అత్త?" అంది. అప్పుడు నీ మార్చి ఉత్తరం తీసి మళ్ళీ చదివేను. పేజీలో ఒక మాట రాసేనన్నావు. నువ్వు రోజూ నొక్కే క్షేమం గురించే అనుకున్నాను, మొద్దుని. చూసేనని రాసేసేను.

అత్తా, నువ్వు రాసిన మాట నాకు చేరలేదు. పేజీలో కష్టాలు వచ్చి పడే పెట్టెలో వెతికేను, మార్చి మొత్తం వెతికేను, నీ పేరుతో ఒక్క కష్టం కూడా లేదు.

ఎందుకు లేదో తెలుసా? ఎర్ర అక్షరాలు రాకూడదని నేను "క్యాచ్" పెట్టేను కదా, అందులో ఏమీ రాయలేదు. తెగినదాన్ని పట్టుకోవడం, చప్పుడు కాకుండా పారేయడం. నాక్కూడా చెప్పదు. పైగా "చేరిందండీ" అనే మాటని "ఫైనల్లీ"లో పెట్టేను, అది చేరినా అంటుంది, చేరకపోయినా అంటుంది. బల్ల గుడ్డ ముడి మళ్ళీ లోపలికి దోపేసేను అత్తా. తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి, ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చేక ఇంకోసారి. మన ఊళ్ళో మనమందరం ఇంతే. లోపల ఏది తెగినా పైకి ఆయ్ అంటాం, మంచిదే అంటాం. నువ్వూ నిన్న చదివిన ఉత్తరంలో అదే అన్నావు. నా పేజీకి కూడా అదే నేర్పేను.

నిన్ననే ఆ ఖాళీ చోట ఎర్ర పోగు కట్టేను. అంటే, ఎక్కడ తెగిందో, ఏ గడి దగ్గర తెగిందో నాకు వచ్చి చెప్పేలాగ రాసేను. తరవాత నేనే నువ్వయినట్టు కూర్చుని ఒక కష్టం రాసి పంపేను. చేరింది. ఇంకోటి పంపేను. చేరింది. ఏ గడి ఎలా నింపినా చేరుతోంది. చివరికి ఒక్కో గడీ ఖాళీగా వదిలి పంపడం మొదలెట్టేను. "ఈ సంగతి ఇక్కడ ఎవరికి చెప్పమంటారు? మీ ఇంటి మనిషి పేరు, నెంబరు" అని ఒక గడి పెట్టేను చూడు, అది ఖాళీగా వదిలితే తెగింది. లేని మనిషి ఫోను నెంబరు ఎలా చదవను అని అరిచింది. అందరూ ఆ గడి నింపుతారనే అనుకున్నాను నేను. ఇంటి మనిషి లేనివాళ్ళు ఎవరుంటారులే అని.

నువ్వు ఆ గడి ఖాళీగా వదిలేవా అత్తా? ఎందుకు వదిలేవు?

నువ్వు కాక మిగతా పదమూడు మందికీ ఫోన్లు చేసేను. ముగ్గురు ఆ గడి ఖాళీగా వదిలేరు. ఆ ముగ్గురూ కూడా నేను చదివి ఊరుకున్నాననే అనుకుంటున్నారు. ఒకావిడ, "పోనీలే అమ్మా, నీకు మాత్రం ఎన్ని పనులు" అంది. ఆ మాటకి నేను చచ్చిపోయేను. ముగ్గురి కష్టాలూ చేత్తో రాసుకున్నాను, ఇవాళ పాస్టరు గారూ నేనూ కూర్చుని ఒక్కొక్కటే చూస్తున్నాం.

నువ్వేం అడిగేవో నాకు తెలీదు. మళ్ళీ రాయి. నాన్న చదవడు, నేనొక్కదాన్నే చదువుతాను. ఒట్టు.

లిడియా


మస్కట్,
20 మే 2024
(ముమ్మిడివరం పిల్ల ఫోటో తీసి పంపుతోంది)

లిడియా,

నీ కాగితం నాలుగుసార్లు చదివేను. మొదటిసారి కోపమొచ్చింది, రెండు నెలలు నన్ను ఉడికించి పెట్టింది ఒక ఖాళీ గడా అని. రెండోసారి నవ్వొచ్చింది. మూడోసారీ నాలుగోసారీ ఏం వచ్చిందో నీకెందుకు.

చేరిందండీ అన్న ప్రతిసారీ నేను ఎంత పొంగిపోయేనో, తరవాత నీ మాట రాక ఎంత కుంగిపోయేనో చెప్పలేను. ఊరుకున్నావంటే వద్దన్నట్టే కదా అనుకున్నాను. మంచం తీసేసేరని చదివిన రోజు పెద్దామెకి మందు వేసేను, వేసేనో లేదో గుర్తులేక మళ్ళీ వెళ్ళి డబ్బీ లెక్కపెట్టుకున్నాను. అలా ఉంది నా మనసు.

నేను రాసింది ఒక్క వాక్యమే. "ఒళ్ళు సహకరించడం లేదు, ఇంటికి వచ్చేద్దామని ఉంది, మీకు కష్టం లేకపోతే రావచ్చా?" అంతే.

ఇంటి మనిషి గడి ఎందుకు వదిలేనంటే. ముందు మీ నాన్న పేరు రాసేను, తీసేసేను. వాడి సంసారం వాడిది, అక్క భారం వాడికెందుకు అనుకున్నాను. తరవాత నీ పేరు రాసేను. మీ మావయ్య పోయేక నేను ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళున్నాను, నిన్ను భుజాన మోసేను, అయినా అది నా ఇల్లనడానికి నోరు రాలేదే నాకు. రేపు నీకు పెళ్ళవుతుంది, నీ ఇల్లు నీకొస్తుంది. నీ పేరు అలా రాసేసుకోవడం తప్పేమో అనిపించి, అది కూడా తుడిచేసేను. ఎవరి పేరూ రాయకపోతే ఎవరికీ ఇబ్బంది ఉండదనుకున్నాను.

తప్పు దాచకు, చెప్పు, చెప్పు అని ఊరందరి పిల్లలకీ నేర్పేను. నేను మాత్రం చెప్పలేదు. ముడి నువ్వొక్కదానివే దోపలేదు, నేనూ దోపేను.

సంతకం పెట్టలేదు. కాగితం బియ్యం డబ్బా మీద ఉంది. ఇదిగో, దాచకుండా పదిమందిలో చదివేలాగే అడుగుతున్నాను. మోషే చేతే చదివించు.

రావచ్చా?

అత్త


రాజోలు,
20 మే 2024, సాయంత్రం

అత్తా,

నాన్న చదివేడు. చివరి మాట దగ్గర కాగితం పక్కన పెట్టి, "ఇది అడగాల్సిన మాటా?" అని అరిచేడు. పక్కింటివాళ్ళు కూడా గోడ మీంచి చూసేరు. తరవాత లోపలికెళ్ళి, సావిట్లో నీ మంచం ఒక్కడే లాగడం మొదలెట్టేడు. గుమ్మంలో ఇరుక్కుంది. అమ్మా నేనూ రెండో వైపు పట్టుకున్నాం. నీ చెవులు బాగుండి ఉంటే ఆ చప్పుడు నీకు మస్కట్ దాకా వినపడేది.

మంచం నీ గదిలోకి వచ్చేసింది. కంప్యూటరు కూడా అక్కడే ఉంచుతున్నాను, కోప్పడకు. నేను కోడు రాస్తూ ఉంటే నువ్వు పక్కన కూర్చుని చూస్తుండాలి. నేను ముడి దోపేస్తే నీకే తెలుస్తుంది, ఇంకెవరికీ తెలియదు. లేసు పెట్టె అటక మీంచి దింపేను. వంకర సూది ఉంది. ఎలకలు ఎర్ర దారం ఉండని మాత్రం కొరికేయి, కొంచెం మిగిలింది.

పేజీ మార్చేను. ఇప్పుడు దారం తెగితే "చేరలేదండీ, ఇది మీ తప్పు కాదు, మళ్ళీ పంపండి" అని తెలుగులో చెబుతుంది, నాకూ చెబుతుంది. చేరితేనే చేరిందంటుంది. ఇంటి మనిషి గడి తీసేద్దామా అని ఆలోచించి, ఉంచేసేను. ఎవరైనా ఖాళీగా వదిలితే అక్కడ నా పేరు పడేలాగ రాసేను. నాకు పెళ్ళయినా, నేనెక్కడున్నా, ఆ గడిలో ఆ పేరే ఉంటుంది.

ఈ ఉత్తరం ఫోటో తీద్దామని ఫోను తీసేసరికి నీ దగ్గర్నించి పేజీలోకి ఒకటి వచ్చి ఉంది. ఇప్పుడే, అయిదు నిమిషాల కిందట. కష్టం దగ్గర "మోకాళ్ళు" అని రాసేవు. మిగతావన్నీ నింపేవు. ఇంటి మనిషి గడిలో, నేను కోడులో రాసింది పడకముందే, నువ్వే నా పేరు రాసేవు.

చేరింది అత్తా. బయల్దేరు.

నీ ఇంటి మనిషి,
లిడియా